పేజీ అద్దెదైనా పేరు మనదే కావాలి

ఈ నెల వచ్చిన ప్రశ్న: "అన్నా, ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి అమ్ముతున్నాం. బెంగళూరులో కొనేవాళ్ళు పెరిగారు. పండగకు ముందు అందరికీ ఈ-మెయిల్ పంపాలి. అందులో లింకు నొక్కితే ధరల పేజీ తెరుచుకోవాలి. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? ఒకాయన మొత్తం నేనే చూసుకుంటా, డబ్బు కట్టండి అంటున్నాడు."

రాబర్ట్‌సన్‌పేట మొదలు బంగారుపేట దాకా ఇలా ఇంటి నుంచి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు గనక అందరికీ కలిపి చెబుతున్నా.

హోస్టింగ్ అనే మాటకు భయపడక్కర్లేదు. మన పేజీని రాత్రీ పగలూ తెరిచి ఉంచే కంప్యూటరు ఎక్కడో ఉంటుంది. దానికి అద్దె కడతాం, అంతే. 1902లో మన గనులకు కరెంటు శివనసముద్రం నుంచి వచ్చింది. దాదాపు 150 కిలోమీటర్ల దూరం! జలపాతాన్ని తెచ్చి ఊళ్ళో పెట్టుకోలేదు కదా, తీగ లాక్కున్నాం. ఇదీ అంతే.

అయితే ఇందులో మూడు వేరు వేరు పనులున్నాయి: పేరు, పేజీ, మెయిలు.

ముందు పేరు. డాట్ ఇన్, డాట్ కామ్ అని చివర వచ్చే అడ్రసు ఇదే. దీనికి ఏటేటా డబ్బు కట్టాలి. మొదటి ఏడు తక్కువ చెప్పి రెండో ఏడు ఎక్కువ అడిగే చోట్లున్నాయి, రెండో ఏటి ధర ముందే అడగండి. అసలు సంగతి, ఆ పేరు మీ మెయిలు, మీ ఫోన్ నంబరుతోనే నమోదు కావాలి. చేసిపెట్టే అబ్బాయి తన ఖాతాలో వేసుకుంటే, రేపు అతను ఫోన్ ఎత్తకపోతే మీ దుకాణం బోర్డు అతని ఇంట్లో ఉన్నట్టే.

తరవాత పేజీ. సరుకు ఫొటో, బరువు, ధర, ఫోన్ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు నంబరు ఉన్న ఒక్క పేజీకి ఖరీదైన హోస్టింగ్ అక్కర్లేదు. ఉచితమైనదైనా, చవకదైనా చాలు. ఫొటోలు మాత్రం చిన్నవి చేసి పెట్టండి. మారికుప్పం రైల్లో కూర్చుని ఫోన్‌లో చూసేవాళ్ళకు కూడా తెరుచుకోవాలి. కాకపోతే ఉచితం ఎప్పటికీ ఉంటుందనుకోవద్దు. చిన్న వ్యాపారాలకు గూగుల్ ఉచితంగా ఇచ్చిన వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆ కంపెనీయే ఆపేసింది. ఆ అడ్రసే డబ్బాల మీద అచ్చు వేయించుకుని ఉంటే అచ్చు ఖర్చు దండగ. సొంత పేరున్నవాళ్ళు దాన్నే ఇంకో చోటి పేజీకి తిప్పుకుంటే సరిపోతుంది.

ఇక మెయిలు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు, దాటితే ఖాతా కాసేపు ఆగిపోతుంది. ఎక్కువమందికి పంపడానికి వేరే సర్వీసులున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాయి. మిల్లు గేటు దగ్గర టోకెన్ చూపినట్టు, పంపేవాళ్ళు తమ గుర్తింపు చూపాలి. దాన్నే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అంటారు. పేరు నమోదు చేసిన చోట కొన్ని వరసలు చేర్చితే సరి, ఏం రాయాలో మెయిలు సర్వీసే చెబుతుంది. ఇది మీ సొంత పేరుంటేనే కుదురుతుంది. అడగనివాళ్ళకు పంపొద్దు. వద్దన్నవాళ్ళు సులువుగా తప్పుకునే లింకు పెట్టండి. జనం మీ మెయిలును స్పామ్ అని నొక్కుతూ పోతే తక్కినవాళ్ళకూ చేరదు.

కొనేవాళ్ళ జాబితాను నెలనెలా దించి మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. సర్వీసు మూతబడినా, ధర పెంచినా, ఆ జాబితా ఉంటే మర్నాడే ఇంకో చోట మొదలుపెట్టొచ్చు. అది పోతే ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న కొనుబడి పోయినట్టే.

ఈ జాగ్రత్త మనకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. కంపెనీ లైన్లలో పెరిగినవాళ్ళం. ఇల్లు మనదే అనుకుని గోడలు లేపాం, చెట్లు నాటాం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. పని పోవడం ఒక దెబ్బ. ఇంతకీ ఈ ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న ఇంకో దెబ్బ.

కాబట్టి అమ్మా, ఆ పెద్దమనిషికి డబ్బు కట్టేముందు మూడు మాటలు అడుగు. పేరు ఎవరి ఖాతాలో ఉంటుంది? పాస్‌వర్డ్‌లు నాకిస్తావా? జాబితా నేనెప్పుడైనా దించుకోవచ్చా? మూడింటికీ సరైన జవాబు వస్తే పని అప్పగించు. నీళ్ళు నమిలితే, పండక్కి ఇంకా టైముంది, ఇంకొకరిని చూసుకో.