ఆమె మాట ఆమెదే కావాలి

ఇంట్లో కొట్లాట వినిపించి పక్కింటివాళ్లు 112కి ఫోన్ చేశారనుకుందాం. గస్తీ వాహనం వస్తుంది. తలుపు తీసేది భర్తే. 'ఏం లేదు సార్, మా ఆవిడకి వినపడదు, మాట రాదు. కోపమొస్తే ఇలాగే అరుస్తుంది' అంటాడు. అతని వెనకాల ఆమె చేతులు గబగబా ఏదో చెబుతుంటాయి. గొంతులోంచి కేకలు తప్ప మాటలు రావు. నిదానంగా, మర్యాదగా మాట్లాడే మనిషి ఒకవైపు, ఊగిపోతున్న మనిషి ఇంకోవైపు. కానిస్టేబుల్ ఎవరితో మాట కలుపుతాడో వేరే చెప్పాలా? అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ కేసు సగం అక్కడే నీరుగారిపోతుంది.

సంజ్ఞాభాష మొత్తం నేర్చుకోమని పోలీసులను అడగడం అత్యాశ. ఏ భాషా రెండు రోజుల శిబిరంలో రాదు. అయితే ఆమెను వేరే గదిలోకి తీసుకెళ్లాలనీ, భర్త, అత్త, చివరికి కన్నబిడ్డ చేత కూడా ఆమె మాటను చెప్పించుకోకూడదనీ నేర్పడానికి ఒక్క పూట చాలు. ముఖాన టార్చి వేస్తే ఆమెకు ఎదుటివాళ్లు కనిపించరు. చేతులు పట్టుకుంటే నోరు నొక్కినట్టే. ఆమె తలూపినంత మాత్రాన 'అవును' అని రాసుకోకూడదు. ఏదో అడుగుతున్నారని గమనించినట్టు మాత్రమే కావచ్చు. కాగితం, కలం ఇస్తే సరిపోతుందనుకోవడమూ తొందరపాటే. తెలుగు రాత అంతగా పట్టుబడని బధిరులు ఎందరో ఉన్నారు. బడి ముఖం చూడని పల్లెటూరి ఆడపిల్లకైతే ఇంట్లోవాళ్లతో కుదిరిన సైగలే తెలుసు. అలాంటప్పుడు దుభాషికి తోడు మరో బధిర వ్యక్తి కూర్చుంటే తప్ప సంగతి బయటికి రాదు.

112కి ఎస్‌ఎమ్‌ఎస్ పంపవచ్చు, యాప్‌లో మీట నొక్కవచ్చు. మంచి ఏర్పాటే. కానీ వివరాల కోసం కంట్రోల్ రూమ్ నుంచి తిరిగి ఫోన్ చేస్తే, ఆమె ఎత్తి ఏం చేస్తుంది?

చట్టంలోనూ ఒక ఖాళీ ఉంది. బాధితురాలు దివ్యాంగురాలైతే ఆమె ఇంటి వద్దో, ఆమె కోరిన చోటో, దుభాషి లేదా ప్రత్యేక ఉపాధ్యాయుల సమక్షంలో ఫిర్యాదు నమోదు చేయాలని 2013 సవరణతో వచ్చిన నిబంధన ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్‌లో ఉంది. అది వర్తించేది అత్యాచారం, లైంగిక వేధింపులు, యాసిడ్ దాడి వంటి కొన్ని నేరాలకే. భర్త క్రూరత్వానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 85వ సెక్షన్ ఆ జాబితాలో లేదు. పరాయివాడు చెయ్యి వేస్తే దుభాషి, మొగుడు ఎముక విరగ్గొడితే సైగలేనా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాత్రం హింసపై ఫిర్యాదు అందితే మేజిస్ట్రేటును ఆశ్రయించే హక్కు గురించీ, ఉచిత న్యాయ సహాయం గురించీ బాధితులకు పోలీసులు చెప్పాలంటోంది. ఏ భాషలో చెప్పాలో ఆ నిబంధనలో లేదు.

దుభాషులు దొరకరన్నది స్టేషన్లలో వినిపించే జవాబు. కొంత నిజమే. కానీ 2023లో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టు విచారణలో పాల్గొన్నప్పుడు దుభాషి వీడియో తెరమీదే ఉన్నారు. ఆ సదుపాయం ఇవాళ ఎస్సై జేబులోని ఫోన్‌లోనూ ఉంది. జిల్లాలోని బధిరుల పాఠశాల ఉపాధ్యాయుల నంబర్లు స్టేషన్ రైటర్ బల్ల మీద ఉండటం పెద్ద పనేం కాదు. కౌన్సెలింగ్ పేరిట రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించే ముందు, అందులో ఏముందో ఆమెకు ఎవరు, ఏ భాషలో వివరించారో జనరల్ డైరీలో రాయమని జిల్లా ఎస్పీలు ఒక మెమో జారీ చేయవచ్చు. దానికి చట్టసభ అనుమతి అక్కర్లేదు.