వాడికేంటి, ఎక్కడైనా సర్దుకుంటాడు

మొన్న నాన్న ఫోన్ చేసి, "తమ్ముడిని ఇంటర్‌కి ఎక్కడ వేద్దామమ్మా? నువ్వు చూసొచ్చావు కదా, నువ్వే చెప్పు" అన్నారు. వెనక నుంచి అమ్మ, "వాడికేంటి, ఎక్కడైనా సర్దుకుంటాడు" అంటోంది. ఈ మాట మా ఇంట్లో ఇంతకుముందు కూడా ఒకసారి విన్నాను. అందుకే ఇది రాస్తున్నా.

నేను ఎనిమిది, వాడు ఐదు చదివేటప్పుడు ఇద్దర్నీ ఒకే రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. ఇంట్లో అందరి భయం నా గురించే. నోరెక్కువ, ఊరికే అలుగుతుంది, కూర నచ్చకపోతే కంచం నెట్టేస్తుంది. వాడు బంగారం, ఏది పెడితే అది తింటాడు. తీరా చూస్తే నెల తిరక్కుండా నేను సెటిలైపోయా. పప్పు నీళ్లలా ఉంటే వార్డెన్‌తో గొడవ, స్టడీ అవర్‌లో పక్కదానితో కబుర్లు, వీక్లీ టెస్టులో ర్యాంకు కోసం పోటీ. ఆ పోటీ నాకు నిజంగానే ఇష్టం, అబద్ధమెందుకు.

వాడు మాత్రం ఇంకొంచెం అన్నం పెట్టమని కూడా ఎవర్నీ అడగలేదు. ఆదివారం ఫోన్‌లో "బానే ఉన్నా" అనేవాడు, అంతే. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు కళ్లు చికిలించి టీవీ చూస్తున్నాడని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, మైనస్ రెండు. ఆర్నెల్లు చివరి బెంచీలో బోర్డు కనిపించకుండానే కూర్చున్నాడు. అరవై మంది ఉన్న సెక్షన్‌లో అల్లరి చేసేవాడు కనిపిస్తాడు, మాట్లాడనివాడు కనిపించడు. అదే క్యాంపస్‌లో, పక్క బ్లాక్‌లో ఉన్న అక్కకే తెలియలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తర్వాత వాణ్ణి మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్‌కి మార్చారు. అదేదో గొప్ప స్కూలని కాదు, ఒక ఏడాదంతా హిందీ టీచరే లేరు. కానీ క్లాసులో ఇరవై రెండు మందే. సైన్స్ సార్ ల్యాబ్ తాళంచెవి వాడి చేతికిచ్చేవారు. ఇంట్లో వాడి మాటలు వినపడటం అప్పుడే మొదలైంది.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్లో పిల్లలు సాయంత్రం మౌనంగా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు, దాన్ని అస్తాచల్ అంటారు. ఆ ఫీజు మనకి అందదనుకోండి, అది వేరే సంగతి. అందినా నన్ను అక్కడ వేస్తే పది నిమిషాల్లో కాలు ఊపడం మొదలుపెట్టేదాన్ని. మా తమ్ముడైతే చీకటి పడ్డా లేచేవాడు కాదు. మంచి స్కూల్ ఏదని అడుగుతాం గానీ, ఎవరికి మంచిదని అడగం. ఫీజు, వ్యాన్, ర్యాంకుల ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టేస్తాం.

2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం అడ్మిషన్ కోసం పిల్లల్ని, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చేయకూడదు. మంచి రూలే. కానీ మనం స్కూల్‌ని ఇంటర్వ్యూ చేయొద్దని ఏ చట్టమూ చెప్పలేదు. సెక్షన్‌కి ఎంతమంది? పిల్లాడు వారం రోజులు నోరు విప్పకపోతే ఎవరు గమనిస్తారు? ఈ రెండూ అడగమని నాన్నకి చెప్పాను.

తర్వాత తమ్ముడికే ఫోన్ చేశా. "నీకెలాంటి కాలేజీ కావాల్రా?" అంటే చాలాసేపు మాట్లాడలేదు. నేనూ ఆగాను, నాకది కష్టమే అయినా. "రాత్రికి ఇంటికొచ్చి పడుకునేది చూడక్కా" అన్నాడు.

అలాంటిది ఒకటుంది, బస్సులో గంట ప్రయాణం. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.