పైకవర్ తడి ఆపదు

సంపాదకులకు,

అలాస్కా క్రూజ్ యాత్రపై మీరు వేసిన వ్యాసంలో రెండు సలహాలు నమ్మితే పాఠకులు ఇబ్బంది పడతారు. సూట్‌కేసుకు పైన ప్లాస్టిక్ కవర్ తొడిగితే చాలన్నారు. రేవులో అప్పగించిన పెట్టెలు నేరుగా మన గదికి రావు. తనిఖీ అయ్యాక ఇనుప బోనుల్లో, ఫోర్క్‌లిఫ్టుల మీద ఓడ ఎక్కుతాయి. ఈలోగా వానలో నానొచ్చు. బోనుల రాపిడికి పైకవర్ చిరుగుతుంది. రక్షణ లోపల ఉండాలి: బట్టలను మందపాటి చెత్తసంచిలో (కొత్తదేలెండి!) మూటగట్టి పెట్టెలో సర్దాలి. పాస్‌పోర్టు, మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే.

ఇక 'ప్రతి రేవులో కారు అద్దెకు తీసుకోండి' అన్న మాట. జూనో అలాస్కాకు రాజధానే గానీ, బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డే లేదు. కారేసుకుని ఎక్కడికి పోతాం? మెండెన్‌హాల్ హిమానీనదానికి రేవు దగ్గరే బస్సులు దొరుకుతాయి. మరో రేవు కెచికాన్‌లో, ఓడ ఊరి నడిబొడ్డున ఆగితే చూడదగ్గ వీధి క్రీక్ స్ట్రీట్‌కు నడిచే వెళ్లొచ్చు. ఊరికి దూరంగా వార్డ్ కోవ్‌లో ఆగితే మాత్రం బస్సెక్కాల్సిందే. ఓడ ఏ రేవులో ఆగుతుందో టికెట్ కొనకముందే చూసుకోమని వ్యాసకర్త ఒక్క ముక్క రాయాల్సింది.

— ఒక పాఠకురాలు, గుంటూరు (ప్రస్తుతం సియాటిల్)