ముందు వెళ్ళవలసిన వైద్యుడు

పుదుచ్చేరిలో వైద్యవిద్య ఫ్రెంచివారి కాలం నాటిది. 1823లో వారు నెలకొల్పిన వైద్య పాఠశాలకు వారసత్వంగా 1956లో ధన్వంతరి వైద్య కళాశాల ఏర్పడింది. 1964లో అది జవహర్‌లాల్ నెహ్రూ పేరిట జిప్మర్ అయింది. గోరిమేడులోని ఆ సంస్థకు పొరుగు తమిళ జిల్లాల వారే గాక, 800 కిలోమీటర్లకు పైబడిన దూరంలో గోదావరి ఒడ్డున ఉన్న యానాం నుంచి మన తెలుగువారూ వెళుతుంటారు.

ఇంతటి ఆసుపత్రి అందుబాటులో ఉండడం అదృష్టమే. కాని జలుబు చేసినా, కాలు బెణికినా తెల్లవారుజామునే లేచి అక్కడి వరుసలో నిలబడడం మంచి అలవాటు కాదు. జిప్మరే కురుచికుప్పంలో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని, రామనాథపురంలో ఒక గ్రామీణ కేంద్రాన్ని నడుపుతున్నది. చిన్న జబ్బుకు చిన్న చోటు చాలునని పెద్దాసుపత్రే ఒప్పుకున్నట్లు!

మధుమేహం, రక్తపోటు వంటి ఏళ్ళ తరబడి వదలని వ్యాధులకు కావలసినది మనలను ఎరిగిన వైద్యుడు. 2018లో బ్రిటిష్ వైద్యులు ప్రచురించిన ఒక సమీక్షలో, పరిశీలించిన 22 అధ్యయనాలలో 18 ఒకే మాట చెప్పాయి: ఒకే వైద్యుని వద్దకు వెళ్ళేవారిలో మరణాల రేటు తక్కువ. పెద్దాసుపత్రిలో వెళ్ళిన ప్రతిసారీ అదే వైద్యుడు కనిపిస్తాడన్న హామీ లేదు.

భాష సంగతి కూడా ఉన్నది. పోటు, సలుపు, తీపు, మంట — తెలుగువాడి నొప్పికి ఇన్ని పేర్లు. ఇంగ్లీషులోకి మార్చేసరికి అన్నీ 'పెయిన్' అయిపోతాయి. అనువాదమే వృత్తిగా గల నాకు కూడా తీపుకు సరైన ఇంగ్లీషు మాట దొరకలేదు. జ్వరంతో ఉన్న మనిషి తమిళంలోనో, ఇంగ్లీషులోనో దానిని ఎట్లు చెప్పగలడు? మన మాట అర్థమయ్యే వైద్యుడు, చెప్పేది చివరిదాకా వినే వైద్యుడు, నాలుగు వీధుల అవతల ఉన్నా నడిచి వెళ్ళదగినవాడే.

అర్హత తెలుసుకోవడానికి మొగమాటం అక్కరలేదు. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం ప్రతి అల్లోపతీ వైద్యుడూ తన రిజిస్ట్రేషను సంఖ్యను క్లినిక్కులోనూ, మందుల చీటీమీదా, రశీదుమీదా చూపాలి. సిద్ధ, ఆయుర్వేద, హోమియో వైద్యులకు వేరే మండలులు ఉన్నాయి. ఎవరు ఏ పద్ధతివారో ముందే అడగడం మేలు.

గుండెలో బరువు, ఒక పక్క చేయీ కాలూ పడిపోవడం, ఊపిరాడకపోవడం, పాముకాటు — వీటికి మాత్రం పక్కవీధి వైద్యుడికోసం ఆగరాదు. 108కు ఫోను చేసి నేరుగా పెద్దాసుపత్రికే వెళ్ళాలి. మిగిలిన వేళల్లో అవసరమైతే ఆ వైద్యుడే చీటీ రాసి పంపుతాడు. ఆసుపత్రిలో చేరి తిరిగి వచ్చినవారు తమ వైద్య పత్రాలు అడిగి తీసుకోవాలి. అడిగిన 72 గంటలలో ఇవ్వాలని అదే నియమావళి చెబుతున్నది. వాటిని తెచ్చి మొదటి వైద్యుడికి చూపితే, తరువాతి మందు ఆయన చూసి రాస్తాడు.