కూతగాండ్ర తరతమములు

తరతమములు ఎంచుట మానవునకు పుట్టుకతో వచ్చిన బుద్ధి. తిక్కన గొప్పవాడా, పోతన గొప్పవాడా యని పండితులు తరతరములుగా వాదించుచునే యున్నారు. అంగడిలో ఏ కోడె మేలైనదో రైతు చూచినంతనే చెప్పగలడు. బడిలో మొదటివాడెవడు, కడపటివాడెవడు అను లెక్క ఏటేట జరుగుచున్నదే. ఇప్పుడు మన సుల్తానాబాదు వంటి పట్టణములలో, బియ్యపు మిల్లుల వీథులలోను, పాఠశాలల ఆవరణలలోను కుఱ్ఱవాండ్ర నడుమ సాగు వివాదము వేఱొకటి: కబడ్డీలో ఏ కూతగాడు మొదటివాడు? ఎవడు రెండవవాడు? ఎవనికెంత వెల?

ఇది పనిలేని వారి ప్రసంగమని పెద్దలు కొట్టివేయరాదు. ఈ ప్రశ్న వెనుక ధనమున్నది, చట్టమున్నది, అన్నిటికంటె మిన్నగా, పాఠశాల జట్టులో చోటు దొరకునో దొరకదో యని ఎదురుచూచు బాలుని ఆశ యున్నది. కాబట్టి ఉపాధ్యాయులును విద్యార్థులును దీనిని కొంత నిదానముగా విచారింపవలసియున్నది.

మన పెద్దలు చెడుగుడు అని పిలిచిన యాట 2014లో ప్రొ కబడ్డీ లీగు ఏర్పడిన పిమ్మట ధనికుల యాటగా మాఱినది. నాడు 8 పక్షములు. 2017 నుండి 12. తెలుగువారి పేర తెలుగు టైటాన్స్ అను పక్షము మొదటి నుండియు నున్నది. ఆటగాండ్రను వేలము పాడి కొందురు. ఆ వేలములో కూతగానికి పలుకు ధర పట్టుగానికి సాధారణముగా పలుకదు. 2023 వేలములో పవన్ సెహ్రావత్ అను కూతగానికి తెలుగు టైటాన్స్ వారు 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు ఇచ్చిరి. అంతకుముందు ఏ ఆటగానికిని అంత వెల పలికియుండలేదు.

ఈ నిజమైన వేలమునకు తోడు ఊహా వేలమొకటి పుట్టినది. చూచువాడు తానే ఒక పక్షమునకు యజమానియైనట్లు భావించుకొని, వివిధ పక్షముల నుండి తనకు నచ్చినవారిని ఏర్చి, వారు నిజముగా సాధించిన అంకెలను బట్టి గెలుపోటములు నిర్ణయించుకొనును. ఈ క్రీడకు పుట్టినిల్లు అమెరికా. అచ్చటి ఫుట్‌బాలు మన మెరిగిన ఫుట్‌బాలు కాదు. బంతిని చంకనిడుకొని ఎదిరి వరుసను చీల్చుకొని పరుగెత్తువానిని వారు రన్నింగ్ బ్యాక్ అందురు. ఒంటరిగా శత్రువుల నడుమకు దూఱి తిరిగివచ్చు మన కూతగానికి అతడు దూరపు చుట్టము. 1962లో బిల్ వింకెన్‌బాక్ అను నతడు మిత్రులతో కలిసి ఈ ఊహాక్రీడకు నియమములు కూర్చెను. 1963లో ఓక్లండు నగరమున తొలి ఎంపిక జరిగెను. ఆ ఎంపికలో మొదటి పిలుపు జార్జి బ్లాండాకు దక్కెను. జిమ్ బ్రౌను అను రన్నింగ్ బ్యాకు రెండవవాడాయెను. ఆ యేడే జిమ్ బ్రౌను 1,863 గజములు పరుగెత్తి, అంతవరకెవ్వరును ఎఱుగని లెక్కను నెలకొల్పెను. తరతమములు ఎంచు విద్యకు పుట్టిననాడే పరాభవము తప్పలేదన్నమాట.

మన దేశమున ఈ క్రీడ ఊహతో ఆగక పణముగా మాఱినది. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే తన జూద చట్టమును సవరించి, అంతర్జాలమున పణమొడ్డి ఆడు ఆటలను, నేర్పుతో కూడినవని చెప్పబడువానిని సైతము, నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని అట్టి చట్టమునే చేసినది. ఇది మేలైన పని యని నా యభిప్రాయము. కూతగాని నేర్పు కూతగానిది. ఇంట కూర్చుండి అతని పేరుపై పైకమొడ్డువాని నేర్పు అతనిది కాదు. అయినను చట్టము పణమును ఆపగలదే గాని తరతమ బుద్ధిని ఆపజాలదు. ఆపవలసిన యవసరమును లేదు. దానిని దిద్దవలసియున్నది. ఆ పని బడిది.

కూతగానిని ఎట్లు కొలువవలెను? మొదట ఆట స్వరూపమును చూతము. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల బరిలో ఇరుప్రక్కల ఏడుగురేసి నిలుతురు. కూతగానికి 30 క్షణముల వ్యవధి. తాకి తిరిగివచ్చినచో తాకినవారెందఱో అన్ని అంకెలు. ఎదుట ఆరుగురో అంతకంటె ఎక్కువమందియో యున్నప్పుడు బోనస్ గీత దాటినచో అదనముగా ఒకటి. పట్టుబడినచో ఎదుటివారికి అంకె, తనకు బరి వెలుపల నివాసము. రెండు కూతలు వరుసగా వట్టిపోయినచో మూడవది చావో బ్రదుకో. అందు అంకె తేని కూతగాడు చచ్చినవాని క్రింద లెక్క.

చాలమంది మొత్తము అంకెలను మాత్రమే చూతురు. ఇందలి పొరపాటును ఒక చిన్న లెక్కతో తెలియవచ్చును. ఒక కూతగాడు 20 మాఱులు కూతకు వెళ్ళి 10 అంకెలు తెచ్చి, 6 మాఱులు పట్టుబడెననుకొందము. వేఱొకడు 12 మాఱులు వెళ్ళి 7 అంకెలు తెచ్చి, ఒకేమాఱు పట్టుబడెను. పట్టికలో మొదటివాడే పైన నిలుచును. కాని అతడు తన పక్షమునకు తెచ్చినది 10, ఎదుటివారికి ఇచ్చినది 6, మిగిలినది 4. రెండవవాడు తెచ్చినది 7, ఇచ్చినది 1, మిగిలినది 6. పైగా మొదటివాడు ఆఱుమాఱులు బరి వెలుపల కూర్చుండగా అతని పక్షము మనిషి తక్కువై పోరాడవలసివచ్చెను.

అయితే రెండవవాడే గొప్పవాడని వెంటనే తీర్పు చెప్పవచ్చునా? అదియు తొందరపాటే. అతడు సులువైన కూతలనే ఎంచుకొని, చావోబ్రదుకో అను మూడవ కూతకు మొదటివానినే పంపుచుండెనేమో! అట్లయినచో ఆఱుమాఱులు పట్టుబడుట మొదటివాని లోపము కాదు. అతడు మోసిన బరువు. ఇక మఱియొక సంగతి. ఆట ముగియవచ్చునప్పుడు తన పక్షము రెండు అంకెల ఆధిక్యములో నున్నదనుకొందము. అప్పుడు కూతగాడు 30 క్షణములు గడిపి, ఎవరికిని చిక్కక వట్టిచేతులతో తిరిగివచ్చినను గెలుపును కాపాడినవాడే. పట్టికలో ఆ కూతకు విలువ సున్న. కావున ఎంత తెచ్చెననుట ఒకటే చాలదు. ఎప్పుడు, ఎవరిమీద, ఏ యవస్థలో తెచ్చెనో చూడవలెను.

అంకెలు నిన్నటి మాటనే చెప్పును. రేపటి మాట చెప్పవు. దీనికి పవన్ సెహ్రావత్ చరిత్రయే సాక్ష్యము. 2017లో గుజరాతు పక్షమున నున్నప్పుడు అతడు లెక్కకు వచ్చినవాడు కాడు. మఱుసటి యేడు బెంగళూరు పక్షమున చేరి 271 కూత అంకెలు సాధించెను. 2019 జనవరిలో జరిగిన తుది పోటీలో అదే గుజరాతు పక్షముపై 22 అంకెలు తెచ్చి తనవారిని గెలిపించెను. ఒక్క యేటిలో అతని కాళ్ళు మాఱలేదు. అతనికి దొరకిన అవకాశము మాఱినది. గుజరాతువారి పట్టికలో కడపట నున్నవాడు బెంగళూరువారి పట్టికలో మొదట నిలిచెను.

దీనికి ఎదురు నిదర్శనము పర్‌దీప్ నర్వాల్. 2017లో అతడు సాధించిన 369 కూత అంకెలు ఒక ఋతువునకు నేటికిని పేరెన్నికగన్న లెక్క. ఒకే కూతలో ఎనిమిది అంకెలు తెచ్చినవాడు. ఆ లీగు చరిత్రలో 1,800కు పైగా కూత అంకెలు గడించినవాడు. అట్టివానిని 2025 వేలములో ఏ పక్షమును పిలువలేదు. ఆ పిమ్మట అతడు ఆట నుండి విరమించెను. వార్తలలో అతనిని గూర్చి వ్రాసిన మాట ‘అమ్ముడుపోలేదు’ అనునది. కోడెను గూర్చి అంగడిలో ఆడవలసిన మాట మనిషిని గూర్చి పత్రికలో ఆడితిమి. మనకెవ్వరికిని అది వింతగా తోపలేదు. తరతమములను ధరలతో కొలుచుటకు అలవాటుపడిన నోటికి మాటల తరతమములు తెలియకపోవుట సహజమే కాబోలు.

ఒక్క కూతగాడే పక్షమును గెలిపింపగలడా యను ప్రశ్నకును సమాధానము పట్టికలలో దొరకదు. పైన చెప్పిన 2 కోట్ల 60 లక్షల కూతగాడు నాయకుడుగా నున్న తెలుగు టైటాన్స్, 2023 డిసెంబరులో మొదలైన ఋతువులో 22 పోటీలాడి రెండింటనే గెలిచి, 12 పక్షములలో అట్టడుగున నిలిచినది. అతడు తన వంతుగా 200కు పైగా కూత అంకెలు తెచ్చినను అట్లే జరిగినది. ఆ ఋతువున జయము గొన్న పుణె పక్షములోని కూతగాడెవ్వడును ఆ యేటి అంకెల పట్టికలో అగ్రస్థానమున లేడు. అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్, పంకజ్ మోహితే బరువును పంచుకొనిరి. ఆ పక్షము పెద్దవెల, 2 కోట్ల 35 లక్షలు, ఇచ్చి కొన్న ఇరాను దేశీయుడు షాద్లూయి పట్టులో ప్రసిద్ధుడు. 2024 మార్చి 1న తుది పోటీ మన హైదరాబాదులోనే, గచ్చిబౌలిలో జరిగినది. పుణె హర్యానాను 28–25తో ఓడించినది. ఊహాక్రీడలో ఏడుగురు ఏడు పక్షముల వారైనను నష్టము లేదు. నిజమైన బరిలో ఏడుగురు ఒకరి చేయి నొకరు పట్టుకొని నిలువవలెను.

అట్లని తరతమములే వలదనుట కుదరదు. ఒక పాఠశాలలో నలువదిమంది ఆడగోరుదురు. మండల పోటీలకు పంపునది కొలదిమందిని మాత్రమే. ఎవరో ఒకరు ఏర్పఱుపవలెను. అంకెలు లేని యెంపిక అంకెలున్న యెంపికకంటె న్యాయమైనదని చెప్పజాలము. అంకెలు లేనిచోట బంధుత్వము, పలుకుబడి, ఎత్తైన శరీరము, బిగ్గరైన గొంతు ఆ స్థానమును ఆక్రమించును. కాబట్టి నేను కోరునది లెక్క మానుట కాదు. మంచి లెక్క నేర్చుకొనుట.

వ్యాయామోపాధ్యాయులు ఒక చిన్న పుస్తకము పెట్టి, ఆడని పిల్లలచేతనే ప్రతి కూతను వ్రాయింపవచ్చును. ఎవడు వెళ్ళెను, ఎదుట ఎందఱుండిరి, తెచ్చినదెంత, పట్టుబడెనా, అది మూడవ కూతయా: ఈ ఐదు గడులు చాలును. నెల గడచిన పిదప గణితోపాధ్యాయుడు ఆ పుస్తకమునే తీసికొని సగటును, నిష్పత్తిని, శాతమును బోధింపవచ్చును. తమ స్నేహితుల కూతలే లెక్కలైనప్పుడు నిష్పత్తి తలకెక్కని విద్యార్థి యుండడు. జూదగాని చేతిలో వలయైన అంకె, బడిలో దీపమగును.

అయితే ఆ పుస్తకమునకు రెండు హద్దులు గలవు. మొదటిది వయస్సు. 14 ఏండ్ల లోపువారి పోటీలలో, గణనకు మొదటి నెలలో పుట్టినవాడు చివరి నెలలో పుట్టినవానికంటె దాదాపు ఏడాది పెద్దవాడు. ఆ ప్రాయమున ఒక యేడు అనగా జానెడు ఎత్తు కావచ్చును. పెద్దవాడు గెలుచును, గెలిచినందున ఎంపికయగును, ఎంపికయైనందున శిక్షణ పొందును, శిక్షణ పొందినందున మఱల గెలుచును. చిన్నవాడు ఆట మానును. ఈ చక్రమును మన మెంపిక అనుచున్నాము. కాని పుట్టిన నెలను కొలిచి, నేర్పును కొలిచితిమని భ్రమించుచున్నాము.

రెండవది బాలికల విషయము. కుఱ్ఱవాండ్రు వల్లెవేయు పట్టికలలో ఒక్క స్త్రీ పేరైనను లేదు. 2023 అక్టోబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలలో మన స్త్రీల పక్షము చైనీస్ తైపేను 26–25తో, ఒక్క అంకె తేడాతో, ఓడించి స్వర్ణము గెలుచుకొన్నది. ఆ ఒక్క అంకెను ఎవరు తెచ్చిరో, ఎవరు కాపాడిరో మన విద్యార్థులు ఎఱుగరు. వేలము లేనిచోట వెల లేదు. వెల లేనిచోట పేరు లేదు. మన బడి పుస్తకములోనైనను బాలికలకు సగము పుటలు ఇయ్యవలెను.

విద్యార్థులకు ఒక మాట. మీరు ఆటగాండ్రను పోల్చి వాదింపుడు; అది తప్పు కాదు. వాదించునప్పుడు మొత్తముతో ఆగక, పట్టుబడిన లెక్కను, కఠినమైన కూతల లెక్కను కూడ అడుగుడు. పణము మాట యెత్తినవానిని దూరముగా నుంచుడు. అన్నిటికంటె ముందు, దినమున కొక గడియ మీరే బరిలోనికి దిగుడు. ఒకమాఱు ఏడుగురి నడుమకు ఊపిరి బిగబట్టి వెళ్ళివచ్చినవాడు, ఇతరుల కూతను తేలికగా తీసివేయడు.

ఉపాధ్యాయులకు నా మనవి ఇది. మీరు నేడు వ్రాయు క్రమము నేటిదే యని పిల్లలకు తెలియజెప్పుడు. మూడు మాసములకొకమాఱు దానిని చెఱిపి మఱల వ్రాయుడు. చెడుగుడులో చచ్చినవాడు ఆట ముగియువఱకును చచ్చియుండడు. తనవారు ఎదుటివారిలో ఒకనిని చంపినంతనే వాడు బ్రదికి మఱల బరిలోనికి వచ్చును. మన పెద్దలు కల్పించిన ఆ నియమమును ఎంపిక పట్టికకును వర్తింపజేసినచో, కడపటి పేరుగల బాలుడు ఆట మాని ఇంటికి పోడు. రేపటి కూతకై గీత దగ్గఱ నిలిచియుండును.