ఉషస్తి త్రాగని నీరు: కొల్లాజెన్ చూర్ణానికి ఆపద్ధర్మం వర్తిస్తుందా?

"ఔషధానికి దోషం లేదు" అనే మాట నేడు ఆస్తికుల గృహాలలో సర్వానికీ అభయముద్ర అయిపోయింది. ఉల్లిని సైతం విడిచి ఏకాదశీవ్రతం పాటించే ఇంట, శయనానికి ముందు గోరువెచ్చని నీటిలో కలుపుకొనే కొల్లాజెన్ డబ్బా కనబడుతున్నది. అమెరికాలోని మన తెలుగు కుటుంబాలలో, పిల్లలకు నిద్రపట్టాలని ఇచ్చే గమ్మీలలో జెలటిన్ ఉండడం సర్వసాధారణం. ప్రశ్నిస్తే ప్రత్యుత్తరం ఒక్కటే: "అది ఆహారం కాదు, మందు." ఆ ప్రత్యుత్తరాన్ని ఖండించడమే ఈ వ్యాసానికి ప్రయోజనం. మాంసాహారం కులాచారంగా గల భక్తులను నిందించడం మా ఉద్దేశం కాదు. వారికి ఈ సంశయమే ఉదయించదు. నియమాన్ని స్వీకరించి, ఆ నియమానికి తామే రంధ్రం చేసుకొంటున్న సాధకులతోనే ఈ వాదం.

ముందుగా వస్తుస్వరూపం. ప్రాణిదేహంలో చర్మాన్ని, అస్థులను, స్నాయువులను బంధించి నిలిపే ప్రోటీన్ కొల్లాజెన్. పశువుల తోళ్లను, ఎముకలను, పందిచర్మాన్ని, చేపల చర్మాన్ని ఆమ్లంతోనో సున్నంతోనో శుద్ధిచేసి, వేడినీటిలో ఉడికించి తీసినది జెలటిన్. దానిని ఎంజైములతో ఇంకా చిన్న ఖండాలుగా విడగొడితే కొల్లాజెన్ పెప్టైడ్ల చూర్ణం. "మెరైన్ కొల్లాజెన్" అన్నంతమాత్రాన అది సముద్రపు నాచు కాదు, మత్స్యచర్మం. పాలవలె, తేనెవలె ప్రాణి జీవించి ఉండగా లభించే పదార్థం కాదిది. వృక్షాలలో కొల్లాజెన్ లేదు. "వీగన్" అన్న పేరుతో అమ్మేవాటిలో అధికభాగం, శరీరం తన కొల్లాజెన్‌ను తానే నిర్మించుకొనడానికి తోడ్పడే సి విటమిను, అమైనో ఆమ్లాల మిశ్రమాలు మాత్రమే.

ఇక శాస్త్రం. ఛాందోగ్యోపనిషత్తు ప్రథమాధ్యాయంలో ఉషస్తి చాక్రాయణుని కథ కలదు. కురుదేశంలో పంటలు నాశనమై క్షామం వ్యాపించిన వేళ, ఆ బ్రహ్మవేత్త భార్యతో కూడి ఒక మావటివాని గ్రామం చేరి, వాడు తింటున్న నాసిరకపు మినుములను యాచించాడు. ఎంగిలివి తప్ప వేరే లేవని వాడు చెప్పినా, వాటినే స్వీకరించాడు. తరువాత వాడు నీరు కూడా ఇవ్వబోగా ఉషస్తి నిరాకరించాడు: అది ఉచ్ఛిష్టమన్నాడు. "ఆ మినుములు మాత్రం ఎంగిలి కావా?" అని మావటి అడిగాడు. అవి తినకుంటే ప్రాణం నిలిచేది కాదు, నీరు మాత్రం కోరినచోట లభిస్తుందని ఉషస్తి బదులిచ్చాడు.

ఆపద్ధర్మానికి ఇంతకంటె సూక్ష్మమైన సరిహద్దురేఖను ఎవరు గీయగలరు? ప్రాణాపాయంలో మాత్రమే సర్వాన్నానికి అనుమతి కలదని నిర్ణయించిన బ్రహ్మసూత్రాల తృతీయాధ్యాయ చతుర్థపాదానికి ఆధారం ఈ కథయే. దీనినుండి మూడు నిబంధనలు స్పష్టమవుతున్నవి. ఒకటి, ఆపద నిజమైనది కావాలి. రెండు, గత్యంతరం ఉండరాదు. మూడు, స్వీకరించేది ఏమిటో తెలిసి స్వీకరించాలి. ఉషస్తి ఎంగిలిని ఎంగిలి అనే చెప్పాడు, దానికి వేరే పేరు పెట్టుకోలేదు. నిద్రకోసం పుచ్చుకొనే కొల్లాజెన్ ఈ మూడింటిలో దేనికి నిలుస్తుంది?

పూర్వపక్షం: "దీనివలన నిద్ర బాగుపడుతుందని విజ్ఞానశాస్త్రమే చెబుతున్నది కదా!"

సమాధానం: చెబుతున్నది ఏమిటో వినండి. కొల్లాజెన్‌లోని అమైనో ఆమ్లాలలో సుమారు మూడవ వంతు గ్లైసిన్. శయనానికి ముందు 3 గ్రాముల గ్లైసిన్ తీసుకొన్నవారికి నిద్ర కొంత మెరుగైనట్లు జపాన్‌లో పరీక్షలు జరిగాయి. అవి కొద్దిమందిపై జరిగిన పరీక్షలు. కొల్లాజెన్‌తోనే జరిగిన ఒక పరీక్షలో, నిద్ర సరిగా లేదని చెప్పిన 13 మంది పురుషులకు రాత్రి మెలకువలు తగ్గినట్లు కనబడినది. నిద్ర త్వరగా పట్టినట్లు గాని, నిద్రాకాలం పెరిగినట్లు గాని తేలలేదు. ఇంత సన్నని దారంపై అంత బరువైన ప్రకటనను వేలాడదీస్తున్నారు. పైగా గ్లైసిన్‌ను మన దేహమే నిత్యం తయారుచేసుకొంటున్నది; నువ్వులలో, వేరుశనగలలో, పప్పుధాన్యాలలో అది ఉన్నది; పశుసంబంధం లేకుండా రసాయనవిధానంతోనూ తయారవుతున్నది. గ్లైసినే కావాలంటే పశుచర్మం దాకా పోవలసిన పని ఏమున్నది?

మరొక విడ్డూరం చూడండి. నిద్రాకాలాన్ని సూచించే మెలటోనిన్‌ను దేహం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి నిర్మించుకొంటుంది. జెలటిన్‌లో లేనిది సరిగా అదే! ఈ లోపం పేరు తెలియకముందే దాని ఫలం ప్యారిస్ నగరం చూసింది. పేదలకు, రోగులకు ఎముకల జెలటిన్ రసమే చౌకైన పుష్టికరాహారమని 19వ శతాబ్దపు పూర్వార్ధంలో అక్కడ గొప్ప ప్రచారం జరిగింది. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ మజాందీ నేతృత్వంలో నియమించిన జెలటిన్ సంఘం, దీర్ఘపరీక్షల అనంతరం 1841లో అది ఒక్కటే ప్రాణిని పోషించజాలదని నివేదించింది. నాడు పేదవానికి పౌష్టికాహారమన్నారు. నేడు ధనికునికి నిద్రామృతమంటున్నారు. చర్మం, కీళ్ల విషయంలో కొన్ని పరీక్షలు స్వల్పలాభాన్ని చూపిన మాట నిజమే. కాని స్వల్పలాభం ప్రాణాపాయం కాదు. ముడతలకు ఆపద్ధర్మం వర్తించదు.

పూర్వపక్షం: "చరకుడే నిద్రలేమికి మాంసరసం చెప్పాడు. మీరు చరకుని కంటె అధికులా?"

సమాధానం: చెప్పాడు, దాచవలసిన పని లేదు. సూత్రస్థానం ఇరువదియొకటవ అధ్యాయంలో ఆ పట్టిక ఉన్నది. అందులోనే తైలాభ్యంగనం, స్నానం, పెరుగుతో శాల్యన్నం, పాలు, నెయ్యి, మనస్సుఖం, ఇంపైన గంధం, ఇంపైన శబ్దం ఉన్నవి. మద్యం కూడా ఉన్నది. చరకుని పేరు చెప్పి మాంసరసాన్ని గ్రహించేవారు అదే శ్వాసలో మద్యాన్నీ గ్రహిస్తారా? ఏ ద్రవ్యానికి ఏ గుణమో చెప్పడం వైద్యశాస్త్రధర్మం. ఆ పట్టికలో నీ వ్రతానికి తగినదానిని ఏరుకొనడం నీ ధర్మం. పాలు, అభ్యంగనం అదే పట్టికలో ఉండగా గత్యంతరం లేదనడం ఎట్లా కుదురుతుంది? రెండవ నిబంధన ఇక్కడే భగ్నమైంది.

పూర్వపక్షం: "ఆ పశువును కొల్లాజెన్ కోసం వధించలేదు. పారవేసే చర్మాన్ని వినియోగిస్తే పాపమేమిటి?"

సమాధానం: పారవేసేదానికి ధర ఎవరు చెల్లిస్తారు? చర్మానికి, ఎముకకు వచ్చే మూల్యం కబేళా ఆదాయంలో భాగమే. మనుస్మృతి పంచమాధ్యాయం హింసాదోషాన్ని కత్తి పట్టినవానితోనే ఆపలేదు. అనుమతించినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని కూడా ఆ పంక్తిలోనే కూర్చోబెట్టింది. కొనుగోలు అంటే అనుమతియే.

పూర్వపక్షం: "ఆహారశుద్ధి అంటే ఇంద్రియాలు గ్రహించే విషయాల శుద్ధి అని శంకర భగవత్పాదులే వ్యాఖ్యానించారు. నోటిలోకి పోయేదానిపై ఇంత రచ్చ ఎందుకు?"

సమాధానం: భగవత్పాదులు ఆహారశబ్దార్థాన్ని విస్తరించారే కాని, జిహ్వకు మినహాయింపు ఇవ్వలేదు. జిహ్వ ఇంద్రియం కాదా? రాగద్వేషమోహాలు అంటని విషయగ్రహణమే శుద్ధి అని వారి తాత్పర్యం. యౌవనం జారిపోతుందన్న భీతితో, చర్మకాంతిపై మోహంతో పుచ్చుకొన్న చూర్ణం ఆ పరీక్షలో అసలే నిలువదు. భక్తులకు ఇంకా సులభమైన పరీక్ష ఒకటి కలదు. ఆ గిన్నెను స్వామి ముందుంచి నివేదన చేయగలరా? చేయి వణికితే, ఉత్తరం మీకు అప్పుడే తెలిసినట్లు.

అయితే మినుములు వేరు, నీరు వేరు అన్న వివేకాన్ని మనం కోల్పోరాదు. వైద్యుడు వ్రాసిన అత్యవసర ఔషధం జెలటిన్ గుళికలోనే లభిస్తే, అది ఉషస్తి తిన్న మినుముల వంటిది. దానిని సొంతంగా మానివేయడం ధర్మం కాదు, మౌఢ్యం. మాత్రరూపంలో గాని, మొక్కల సెల్యులోజుతో చేసిన గుళికలో గాని లభిస్తుందా అని అడగండి. లేకుంటే భగవంతుని స్మరించి స్వీకరించండి. మన దేశంలో ఆహారపదార్థాల పొట్లాలపై ఆకుపచ్చ చతురస్రంలోని ఆకుపచ్చ బిందువు శాకాహారానికి, గోధుమవర్ణపు త్రిభుజం మాంసాహారానికి గుర్తులు. మందుల పెట్టెలపై ఆ గుర్తు తప్పనిసరి కాదు. అమెరికాలో ఆహారంపై కూడా అట్టి శాసనం లేదు. కనుక అక్కడివారు పదార్థాల పట్టికను అక్షరమక్షరం చదవవలసిందే. తెలుసుకొనగలిగీ తెలుసుకోకపోవడం అజ్ఞానం కాదు, ఉపేక్ష.

చివరకు నిద్రను గురించి ఒక మాట. ఆకాశంలో తిరిగి అలసిన డేగ రెక్కలు ముడిచి గూటికి చేరినట్లు జీవుడు సుషుప్తిని చేరుతాడని బృహదారణ్యకం చెబుతున్నది. డేగ గూటికి చేరడానికి క్రొత్త రెక్కలు తెచ్చుకోదు. ఉన్న రెక్కలను ముడుస్తుంది. నిద్ర ఉపసంహారం వలన వచ్చేది, సంపాదన వలన కాదు. అర్ధరాత్రి దాకా చేతిలో ఫోను వెలుగుతూ ఉండగా, రాత్రి భోజనం పది గంటలకు సాగుతూ ఉండగా, మనస్సు రేపటి లెక్కలలో పరుగెడుతూ ఉండగా, పశుచర్మచూర్ణం ఏమి చేయగలదు? ఆహారవిహారాలలో, నిద్రాజాగరణలలో మితం పాటించేవానికే యోగం దుఃఖహరమని గీత షష్ఠాధ్యాయంలో భగవానుని ఉపదేశం. నేటి రాత్రి దీపం ఒక గంట ముందు ఆర్పి, పాదాలకు కొంచెం నువ్వులనూనె మర్దించి, నామస్మరణతో కన్నులు మూయండి. అప్పటికీ నిద్ర రాకుంటే వైద్యుని దర్శించండి. మావటి ఇచ్చిన నీరు మాత్రం అక్కడే ఉండనివ్వండి.

స్వస్తి.