పెరట్లో నూరు మొక్కలు - చేతిలో మన విత్తనం

ఎకరాల కొద్దీ మొక్కజొన్న పండించే ఇళ్లలోనే పిల్లలు తీపి కంకి అడిగితే బజారుకు పోయి కొనుక్కొస్తున్నాం. చేలో వేసేది కోళ్ల దాణాకు పోయే హైబ్రిడ్. దాని విత్తనం ఏటా కొనాల్సిందే. దాచి వేస్తే మరుసటి ఏడు చేను ఎగుడుదిగుడుగా పెరిగి దిగుబడి పడిపోతుంది. నేనూ ఒకసారి ఆ పని చేసి దెబ్బతిన్నాను. మొలవని విత్తనం అమ్మిన దుకాణం ముందు, చేతిలో బిల్లు లేక మాట పడి వెనక్కి వచ్చిన రోజు కూడా ఉంది.

మా అమ్మ ఏనాడూ మొక్కజొన్న విత్తనం కొనలేదు. మంచి కంకులు ఎంచి, డొప్పలు జడలా అల్లి, వంటింటి దూలానికి వేలాడదీసేది. పొగకు పురుగు పట్టేది కాదు. ఆమె పోయాక నేను పట్టించుకోలేదు. రెండేళ్లలో ఆ విత్తనం కూడా పోయింది. ఆ తప్పు కంపెనీది కాదు, నాదే.

ఇప్పుడు మూడేళ్లుగా పెరట్లో కాంపోజిట్ తీపి మొక్కజొన్న వేస్తున్నాను. కాంపోజిట్ హైబ్రిడ్ కాదు, విత్తనం దాచుకోవచ్చు. హైదరాబాద్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ ఇలాంటివే. మొక్కజొన్న పుట్టింది అమెరికా ఖండంలోనే కావచ్చు. మనం ఏటా ఎంచి దాచుకుంటే అది మన విత్తనమే.

అర సెంటు చాలు, నూరు మొక్కలకు పైగా పడతాయి. రెండడుగుల సాళ్లలో ముప్పావు అడుగుకొకటి పెట్టండి. పుప్పొడి గాలికి ఎగిరి పీచు మీద పడాలి కాబట్టి ఒకే వరుసగా కాక నాలుగైదు వరుసలు పక్కపక్కన వేయండి. లేకుంటే కంకి బోసిపోతుంది. పక్క చేలో హైబ్రిడ్ ఉంటే నాలుగు వారాలు ముందో వెనకో విత్తండి. ఆ పుప్పొడి పడిన గింజలో తీపి ఉండదు. 2018లో మన దేశానికి వచ్చిన కత్తెర పురుగు కోసం రోజూ పొద్దున్నే సుడి చూసి ఏరేయండి. పెరడు కాబట్టి అది చేతనవుతుంది. పీచు వచ్చిన ఇరవై రోజులకు గింజ గిచ్చితే పాలు వస్తాయి. కోసిన పూటే తినాలి, ఆలస్యమైతే తీపి తగ్గుతుంది.

విత్తనానికి ఒకటి రెండు పెద్ద కంకులు చాలనుకోవద్దు. ఆ కొద్దిపాటితోనే నడిపితే నాలుగేళ్లలో మొక్క బలహీనపడుతుంది. కనీసం యాభై మొక్కల కంకులు చెట్టునే ఎండనిచ్చి, తలా కొన్ని గింజలు కలపండి. తీపి గింజ ఎండితే ముడతలు పడుతుంది. నున్నగా, నిండుగా ఉన్నది బయటి పుప్పొడికి పుట్టింది, తీసేయండి.

ఇందులో చట్టం మన పక్షానే ఉంది. 2001 నాటి పంట రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం సెక్షన్ 39 ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవచ్చు కూడా. 2019లో గుజరాత్ ఆలుగడ్డ రైతుల మీద ఒక బహుళజాతి కంపెనీ కేసులు వేసి, దేశమంతా రైతు సంఘాలు నిలదీశాక వెనక్కి తీసుకుంది. హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, దాన్ని నిలబెట్టడానికి సంఘం ఉండాలి, చేతిలో విత్తనమూ ఉండాలి.

పెరటి మొక్కజొన్నతో అప్పులు తీరవు. గిట్టుబాటు ధర కోసం మన పోరాటం సాగాల్సిందే. కానీ విత్తనం దాచే చేయి మరిచిపోతే రేపు ఏ పంటకైనా దుకాణం గడపే దిక్కు. ఈసారి గ్రామ కమిటీ సమావేశానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఏ నాటు విత్తనం ఉన్నా దోసెడు మూటకట్టి తెండి. నా వంతు కంకులు ఇప్పుడు దూలానికే వేలాడుతున్నాయి.